ముస్సోరీలో అవ్వ చూసిన ఎత్తు

సాయంత్రం పూట సిద్దిపేట కోమటిచెరువు కట్ట మీద నడుస్తుంటే, బొగ్గుల మీద కాలే మక్కకంకి వాసన తగిలిందంటే చాలు, నా కాళ్లు అక్కడే ఆగిపోతాయి. కంకి మీద ఆశతో కాదు, ఈ మధ్యే రెండు దవడ పళ్లు పీకించుకున్నాను, ఇప్పుడు కంకి కొరికే యోగం లేదు. నిమ్మచెక్కను ఉప్పూకారంలో అద్ది వేడి గింజల మీద రుద్దినప్పుడు లేచే ఆ పుల్లటి ఘాటు నన్ను ఎత్తుకుపోయి ముస్సోరీలో దింపుతుంది. అక్కడ నాకు పదేళ్లు, ఎండాకాలం సెలవులు, నడిరోడ్డు మీద మనుషులతో పాటు మబ్బు కూడా నడుస్తూ ఉంటుంది, మా అమ్మ, మేం అవ్వ అని పిలిచే అమ్మ, నా చెయ్యి పట్టుకుని ఉంటుంది.

కల్లుగీత వాళ్లు ముస్సోరీకి విహారయాత్రకు పోవడమేమిటని మీకు అనిపిస్తే తప్పులేదు, మా ఊరు ఊరంతా అదే అన్నది. మాది తొగుట దగ్గర పల్లె. మా బాపు, అంటే నాన్న, తెల్లవారకముందే మోకు భుజాన వేసుకుని, కల్లు పట్టే లొట్లు పట్టుకుని తాటివనానికి పోయేవాడు. మోకంటే చెట్టుకూ నడుముకూ కలిపి చుట్టుకునే తాడు, గీసేవాళ్లకు ప్రాణమంతా దాని మీదే. మా ఇంట్లో కాలాలను తాటిచెట్టే తెచ్చేది. ఎండాకాలమంటే వేలితో పొడుచుకుని జుర్రుకునే ముంజలు, వానలు వెనకపట్టాయంటే వీధి చివరి నుంచే వాసన కొట్టే పండిన తాటికాయలు, చలికాలమంటే కుంపట్లో కాల్చి పీచు తీసుకుంటూ తినే గేగులు, అవే తేగలు. పొద్దున్నే బాపు దిగివచ్చేసరికి ఆయన చేతులకూ అంగీకీ ఒక తీపి పులుపు వాసన ఉండేది, నేను చాలా ఏళ్లు అందరి బాపుల వాసనా అదే అనుకున్నాను.

మా నాయినమ్మ పోతూ పోతూ అవ్వకు ఒక నియమం అప్పజెప్పి పోయింది. మగమనిషి చెట్టు మీద ఉన్నప్పుడు ఇంటి ఆడది తలెత్తి చూడకూడదు. చూస్తే దిష్టి తగులుతుందట, కాలు జారుతుందట. అందుకని అవ్వ పెళ్లయిన నాటి నుంచీ బాపు చెట్టు మీద ఉండగా ఒక్కసారి కూడా చూడలేదు. వాకిలి ఊడ్చినా, పేడనీళ్ల సానుపు చల్లినా, నీళ్లకు పోయినా తాటివనం వైపు వీపు పెట్టే చేసేది. చూడలేదు కాబట్టి భయపడలేదనుకోకండి. ఆ ఏడు చలికాలంలో మా వాడకట్టులోనే ఒకాయన చెట్టు మీది నుంచి పడి నడుము విరిగి మంచాన పడ్డాడు. ఆయన భార్య రోజూ ఆయన్ను పసిపిల్లాడిలా కడిగి తుడవడం అవ్వ మా పెరటి గోడ మీదుగా చూసేది. అప్పటి నుంచి బాపు దిగివచ్చేదాకా ఆమె మంచినీళ్లు కూడా ముట్టేది కాదు.

అవ్వకు చదువు రాదు. అందుకే ఒక మధ్యాహ్నం బాపు కునుకు తీస్తుండగా నన్ను గడంచె బల్ల వెనక్కి పిలిచి, డెహ్రాడూన్‌లో మిలట్రీ డ్రైవరుగా ఉన్న మా మేనమామకు ఉత్తరం రాయమన్నది.

"బావను చెట్టు దించాలె తమ్మీ. ఏం జేస్తవో నాకు తెల్వది. గంతే రాయి."

మూడు వారాలకు జవాబు వచ్చింది. మామ కింద పనిచేసి రిటైరైన, క్షమించాలి, మామే ఆయన కింద పనిచేసిన ఒక పెద్ద ఆఫీసరుకు ముస్సోరీలో ఇల్లూ తోటా ఉన్నాయట, కాపలాకు నమ్మకస్తుడు కావాలట, ఉండడానికి గది కూడా ఇస్తారట. బావకు ముందే చెప్పకండి, సెలవుల్లో ఊరు చూడ్డానికని తీసుకురండి అని రాశాడు. అలా నేను నాలుగో తరగతిలోనే కుట్రదారునయ్యాను. ఏటి మధ్యలో పడవ వదిలినట్టు కల్లు పారే కాలంలో చెట్లను వదిలి ఎలా రానని బాపు గొణిగాడు కానీ, బావమరిది పిలుపు కాదనలేక చెట్లన్నీ తన తమ్ముడు, మా చిన్నబాపుకు అప్పజెప్పాడు.

ప్రయాణానికి అవ్వ సకినాలు, మలీద ముద్దలు, సర్వప్పలు కట్టింది, మామిడికాయ తొక్కు సీసాకు గుడ్డ చుట్టింది. బాపు తన వంతుగా మామ కోసం ఒక క్యాను కల్లు పెట్టాడు. పులిసే సరుకు కదా, ఊపిరాడాలని మూత వదులుగా పెట్టాడు. బోగీలో వాసన వస్తే పరువు పోతుందని అవ్వ ఎవరూ చూడకుండా దాన్ని బిగించింది. నాగపూరు దాటాక, మిట్ట మధ్యాహ్నపు ఎండలో, క్యాను ఢామ్మని పేలింది. మూత ఎటో ఎగిరిపోయింది, నురుగు పై బెర్తు మీది ముసలాయన ధోవతి దాకా చిమ్మింది, బోగీ అంతా ముక్కులు మూసుకుని మా వైపు తిరిగింది. బాపుకు వచ్చిన హిందీ కొంచెమే. "దవా హై, దవా హై" అన్నాడు. ఆ ముసలాయన ధోవతి పిండుకుంటూనే, మోకాళ్ల నొప్పులకు పనికొస్తుందా అని అడిగి, మిగిలినదాంట్లో ఒక గ్లాసు పుచ్చుకుని ఆగ్రా దాకా కమ్మగా నిద్రపోయాడు. అవ్వ మాత్రం ఢిల్లీ వచ్చేదాకా కొంగు ముఖం మీది నుంచి తీయలేదు.

డెహ్రాడూన్‌లో మామ మమ్మల్ని దింపుకుని, రెండో రోజు బస్సెక్కించి కొండ మీదికి తీసుకుపోయాడు. బస్సు పాములా మెలికలు తిరుగుతుంటే అవ్వ నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుని కూర్చుంది, నేను కిటికీలోంచి తల బయటపెట్టి తిట్లు తిన్నాను. దిగగానే చల్లగాలి చెంపల మీద తడిగుడ్డలా తగిలింది. మా ఊళ్లో ఆ పూట రాళ్లు పగిలే ఎండ కాస్తుంటుందని తలుచుకుంటే నవ్వొచ్చింది. మాల్ రోడ్డు పొడుగునా స్వెట్టర్ల దుకాణాలు, తుపాకీతో బుడగలు పగలగొట్టే బండ్లు, చేతిలో ఏదున్నా లాక్కుపోయే కోతులు. ఆ రోడ్డు మీదే నేను మొదటిసారి నిమ్మరసం రుద్దిన మక్కకంకి తిన్నాను. కెంప్టీ జలపాతం దగ్గర అవ్వ, అది గంగ కాకపోయినా గంగ చుట్టమే అయి ఉంటుందని మూడు దోసిళ్లు నెత్తిన పోసుకుంది. బాపు మాత్రం చెట్లనే చూశాడు. దేవదారు మాను మీద అరచెయ్యి వేసి, కింది నుంచి మీదికి కళ్లతోనే ఎక్కి, నిట్టూర్చాడు.

"గిన్ని చెట్లు వెట్టుకొని ఒక్కదానికన్న లొట్టి కట్టకపాయిరి."

మరునాడు ఆఫీసరు ఇల్లు చూడ్డానికి పోయాం. ఎర్రరేకుల కప్పు, ప్లమ్ చెట్లు, గేటు దగ్గర ఒక కుర్చీ. ఆ కుర్చీని చూడగానే బాపుకు విషయం అర్థమైపోయింది. నేను నా చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాను. ఉత్తరం రాసింది నా చెయ్యే కదా. బాపు పోయి ఆ కుర్చీలో కూర్చున్నాడు, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఫోటోకు కూర్చున్నట్టు. కాసేపటికి లేచి, రేపు చెప్తానన్నాడు. ఆ రేయి ఎలా గడిచిందో కానీ, పొద్దున అవ్వ కళ్లు ఉబ్బి ఉన్నాయి.

ఆ రోజు మామ మమ్మల్ని గన్‌హిల్‌కు తీసుకుపోయాడు. తీగల మీద వేలాడే డబ్బాలో కూర్చుంటే కొండ మీదికి లాక్కుపోతుంది. అందరం వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి బాపు పక్కకు తప్పుకున్నాడు.

"తాటిచెట్లెక్కే మనిషివి, దీనికి జడుసుకుంటున్నవా బావా?" అని మామ పకపకా నవ్వాడు.

"నా మోకు నేనే చూసుకొని కట్టుకుంట. గీ తీగె ఎవ్వడు కట్టిండో నాకేం ఎరుక? మీరు పోయి రాండ్రి."

వరుసలో వాళ్లు కూడా నవ్వారు. బాపు ఎర్ర రుమాలు తలకు బిగించుకుని గోడ పక్కన నిలబడిపోయాడు. అవ్వ, నేను, మామ ఎక్కాం. డబ్బా ఒక్క ఊపు ఊగి నేలను వదిలింది. మొదట దుకాణాల కప్పులు, తరువాత చెట్ల తలలు, ఆ తరువాత చెట్లే పచ్చిగడ్డిలా మారిపోయాయి. నేను కేరింతలు కొడుతున్నాను. అవ్వ నా భుజం పట్టుకుని, బాపు ఎక్కడున్నాడని అడిగింది. వేలు పెట్టి చూపించాను. గోడ పక్కన చింతగింజంత ఎర్రచుక్క. అవ్వ దాన్ని చూసింది, కళ్లు తిప్పుకోలేదు. కొండ మీద మామ దుర్బీనుకు కన్ను ఆనించమని నన్ను ఎత్తుకున్నాడు, దూరాన మంచుకొండలు పొంగి ఆగిన పాలలా కనిపించాయి. అవ్వ వాటి ముఖం కూడా చూడలేదు. బల్ల మీద కూర్చుని, దిగుదాం పద, దిగుదాం పద అంటూనే ఉంది.

కిందికి రాగానే సరాసరి బాపు దగ్గరికి పోయింది. నలుగురిలో మొగుడితో ఎదురు నిలబడి మాట్లాడడం ఆమెకు అలవాటు లేదు, ఆ రోజు మాట్లాడింది.

"చెట్టు మీదికెల్లి మేం గింతంతే కనవడ్తమా నీకు?"

"గింతంతే. కానీ కనవడ్తవ్. సానుపు సల్లేది కనవడ్తది, నీళ్లకు పోయేది కనవడ్తది. పొయ్యిల పొగ లేసిందంటే దిగొస్త."

పదిహేనేళ్లుగా ఆమె తలెత్తలేదు. ఆయన మాత్రం రోజూ చూశాడు. ఈ లెక్క పదేళ్ల పిల్లనైన నాకు అప్పుడు అందలేదు, కానీ అవ్వ ముఖం మారడం చూశాను. మరి ఆ కుర్చీలో కూర్చుంటావా అని అడిగింది.

"నువ్వు కూసోమంటే కూసుంట," అన్నాడు బాపు. కోపంగా కాదు, నిజంగానే. "కానీ గాడికెల్లి నాకేం కనవడది."

అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని మామ వైపు తిరిగింది. "ఇంటికి పోతం తమ్మీ. గా సారుకు వేరెటోన్ని సూడు." మామ తల పట్టుకున్నాడు. ఇంత దూరం వచ్చి, తనతో ఇంత పని చేయించి, చివరికి అక్క ఇలా అంటుందని అతను అనుకోలేదు. ఆ మాట అని ఆమె తప్పు చేసిందో ఒప్పు చేసిందో నేను ఇప్పటికీ చెప్పలేను. బాపు ప్రాణం మీద ఆమెకున్నంత హక్కు నాకు లేదు.

ఊరికి వచ్చిన తెల్లారే నాయినమ్మ నియమం మంటగలిసింది. అవ్వ వాకిట్లోకి వచ్చి, పొద్దుటెండకు చేటను అడ్డం పెట్టుకుని, తాటివనం వైపు తలెత్తి చూసింది. చూసి దండం పెట్టుకుంది. తరువాతి ఆదివారం కొమురెల్లి పోయి మల్లన్నకు మొక్కుకుంది. ఒంటి మీద దెబ్బ లేకుండా ఈ మనిషి చెట్టు దిగిన నాడు పట్నం వేయిస్తానని. పట్నమంటే రంగుల ముగ్గులు వేసి, ఒగ్గు పూజారులతో పాడించి దేవుడికి చేసే పెద్ద మొక్కు. అప్పటి నుంచి ఇరవై ఏళ్ల పైచిలుకు బాపు ఎక్కుతూనే ఉన్నాడు, ఆమె చూస్తూనే ఉంది.

బాపు ఒక్కసారి కూడా పడలేదు. చెట్లే పడ్డాయి. మల్లన్నసాగర్ రిజర్వాయరు కింద మా ఊరు పోతుందన్నప్పుడు ముందు ఇళ్లు ఖాళీ అయ్యాయి, తరువాత తాటివనం పోయింది, ఆ తరువాత నీళ్లు వచ్చాయి. చివరి రోజు పొద్దున బాపు ఎప్పటిలాగే ఎక్కి, లొట్లు విప్పుకుని దిగాడు. ఇప్పుడు వాళ్లిద్దరూ గజ్వేల్ దగ్గరి నిర్వాసితుల కాలనీలో ఉంటున్నారు. ఇంట్లో ముంజల వాసన లేదు, గేగులు కాల్చే కుంపటి లేదు, బాపు చేతులకు సబ్బు వాసన తప్ప ఏ వాసనా లేదు. మొన్న నేను రిజర్వాయరు కట్ట మీదికి పోతే హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు ఫోటోలు దిగుతూ, అచ్చం హిల్ స్టేషన్‌లా ఉందని మురిసిపోతున్నారు. నిజమే, అందంగానే ఉంది, అబద్ధమెందుకు ఆడాలి.

అవ్వ మాత్రం మొక్కు తీర్చనని మొండికేసింది. "నేను మనిషిని దించుమన్న, చెట్లను కాదు. గిది నేనడిగిన దిగుడు గాదు," అని ఏళ్ల తరబడి వాయిదా వేసింది. తన మొక్కు వల్లే ఇలా అయిందేమోనని లోలోపల కుమిలిపోయిందని నాకు ఆలస్యంగా తెలిసింది. బాపు ఎన్నిసార్లు నచ్చజెప్పినా వినలేదు. ఈ ఏడు జాతరకు ఆయనే ఆటో మాట్లాడి, ఆమెను చెయ్యి పట్టుకుని ఎక్కించుకుని వచ్చాడు. నేను సిద్దిపేట నుంచి పోయాను.

ఎరుపు, పసుపు, పచ్చ పొడులతో పట్నం సిద్ధమైంది. డోలు మోత మధ్య ఒగ్గు పూజారి చేతిలోకి పసుపు తీసుకుని, ఏం మొక్కు తల్లీ అని అడిగాడు. అవ్వ తల వంచుకుంది. పూజారి మళ్లీ అడిగాడు.

బాపు ఒక అడుగు ముందుకు వచ్చాడు.

"నేను పడలే సామీ. గందుకు."

పూజారి ముందు ఆమె నుదుటికి, తరువాత ఆయన నుదుటికి పసుపు పెట్టాడు.