వానకు దిగే మసి

సైన్సు సారు పోయారని పొద్దున ఫోన్ వచ్చింది. గద్వాల దవాఖానలో గుండె ఆగిపోయిందట. ఈ మధ్యే పెట్టించుకున్న మా ల్యాండ్‌లైన్ ఎత్తింది నేనే. ‘సరే’ అని పెట్టేసి, పొంగుతున్న పాలు దించి, పేడ తియ్యడానికి కొట్టంలోకి పోయాను. ఏడుపు రాలేదు. ఇన్ని రోజులైంది, ఇప్పటికీ రాలేదు. ఆయన గురించి మీకు చెబుదామని కూర్చున్నా లోపల ఏమీ కదలడం లేదు.

సారు ఇల్లు మా పత్తి చేనును ఆనుకుని ఉంటుంది. బడిలో నాకు చదువు చెప్పింది ఆయనే. ఆయన భార్యను మేమంతా చాచీ అంటాం. చాచీకి దమ్ము, ఉబ్బసం. పొగ తగిలితే చాలు, ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడుతుంది. సారు ఎక్కడున్నా ప్రాణమంతా ఆ ఊపిరి మీదే.

మా దిక్కున పత్తి ఏరడం అయ్యాక కట్టె పీకి చేనులోనే కాల్చేస్తారు. చాచీకి ఇబ్బంది కాకూడదని మా నాన్న ఒక ఉపాయం చేశాడు. ఆమె లేవకముందే, తెల్లారుతుండగా, గాలి లేనప్పుడు అంటిస్తే ఆమె లేచేసరికి పని అయిపోతుందని. ఊళ్లో అందరూ అదే మంచిదన్నారు. ప్రతి ఏడూ అట్లాగే అంటించాం. ప్రతి ఏడూ చాచీ మంచం పట్టింది.

ఒకరోజు సారు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు.

“అన్నా, మీరు మంచికే చేస్తుండ్రు. కానీ పొద్దుగాల సల్లటి గాలి పొగను లేవనియ్యదు. నేల మీదనే పండుకుంటది. మధ్యానం ఎండ ముదిరినంక కాలవెట్టుండ్రి, పైకి పోతది.”

“మధ్యానం గాలికి మంట పక్క చేన్లకు దుంకితే? నువ్వొచ్చి ఆర్పుతవా సారూ?” అన్నాడు నాన్న.

“ఆర్పుత. బిందెలు పట్టుకొని నిలవడత.”

నిజంగానే నిలబడ్డారు. నెత్తికి తువ్వాల చుట్టి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మంట ఆరేదాకా గట్టు వదల్లేదు. నాన్న ఊరుకుంటాడా! “పొగకు గూడ పరీక్ష వెట్టినవ్ గదా సారూ, పాసయిందా?” అన్నాడు. “ఇంక పేపర్లు దిద్దలే అన్నా,” అన్నారు సారు, దగ్గుతూ.

పైకి పోయిన పొగ ఏమవుతుందని నేను అడిగాను.

“పొగల కనవడనిదొకటి, కనవడేదొకటి ఉంటది బిడ్డా. కనవడని గ్యాసు వందల ఏండ్లు గాలిల ఉంటది. కనవడే మసికి గంత ఆయుష్షు లేదు. ఓ వారం, మస్తంటే రెండు వారాలు. వాన పడితే ఇంక జల్ది దిగుతది. మనం ఆపినమంటే మొగులు సాఫయితది. గదొక్కటి మన చేతిల ఉన్నది.”

అప్పటి నుంచి ఎప్పుడు అంటించాలో సారే చెప్పేవారు.

ఈసారి ఆయన పోయేనాటికి మా కట్టె కుప్పలుగానే ఉంది. నాన్న సారు మట్టికి పోయి, పిడికెడు మన్ను వేసి వచ్చాడు. నాలుగు రోజులాగి చాచీ గడప దగ్గర నిలబడ్డాడు.

“చెల్లె, కట్టె ఎప్పుడు కాలవెట్టాలె?”

“నాకేం తెల్సు అన్నా. గవన్నీ ఆయనే చూస్తుండె.”

నాన్న అటునుంచి అటే చేనుకు పోయాడు. కట్టెను బండ్లకెత్తించి దూరంగా కుప్ప వేయించాడు, కాల్చలేదు. అయితే ఏం లాభం? నది అవతలి ఊళ్లకు మా సారు ఎవరో తెలియదు. వాళ్లు కాల్చారు. ఆ పొగ ఇటే వచ్చింది. చాచీ గోడ పట్టుకుంది. పక్కన కూర్చుని వీపు రాస్తూ ఉన్నాను. ఈమె కూడా పోతుందేమోనని భయపడాల్సింది. ఆ భయం కూడా సరిగా రాలేదు. చెయ్యి మాత్రం రాస్తూనే ఉంది.

మొన్న మొదటి వాన పడింది. చూరు నీళ్లు ముందు నల్లగా కారాయి, తర్వాత తెల్లబడ్డాయి. సాయంత్రానికి చాచీ లేచి వాకిట్లోకి వచ్చింది. గొంతులో ఈల లేదు. ఆమె మొహం విప్పారింది. గబుక్కున ఇంట్లోకి తిరిగి, “ఇగో, దమ్ము సాఫయింది!” అని కేకేసింది.

ఎవరూ పలకలేదు.

ఆమె ఆ చల్లటి గాలిని గుండె నిండా పీల్చుకుని, విడవడం మరిచిపోయినట్టు, తలుపు దిక్కే చూస్తూ నిలబడింది.