మూగబొమ్మలో పోలీసు ఉరుకు

తెర మీద ఒక పోలీసు వేగంగా ఉరికినందుకు నా ఆపరేటర్ లైసెన్సు ఏడు నెలలు లాక్కుని పెట్టుకున్నారు. తప్పు నాది కాదు. ఆ మాట అప్పుడూ చెప్పినాను, ఇప్పుడూ చెబుతున్నాను.

అది యాభై నాలుగో సంవత్సరం. ఎమ్మిగనూరులో మా టూరింగ్ టాకీస్, అంటే డేరా సినిమా, ఆడుతోంది. ప్రొజెక్టర్ ఆడించే పని నాది. మూడో తరగతితో బడి మానినా, మిషన్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి పని నేర్చుకున్నవాణ్ణి.

ఆ వారం అసలు సినిమాకు ముందు ఒక పాత మూగబొమ్మ, అంటే మాటల్లేని హాస్య సినిమా, వేసినాం. ఊదితే పడిపోయేటట్టున్న మనిషి పోలీసులో కొత్తగా చేరతాడు. కవాతులో అతని కాలికి చుట్టిన గుడ్డపట్టీ ఊడి, వెనకవాళ్లందరూ దానికి తట్టుకుని పడతారు. లేచి ఉరుకుతారు, మళ్లీ పడతారు. నేలమీది జనం పొట్టలు పట్టుకున్నారు. కుర్చీలో కూర్చున్న హెడ్‌కానిస్టేబుల్ మాత్రం నవ్వలేదు. ఆట కాగానే నా గదికి వచ్చినాడు.

"ఏమప్పా, పోలీసోళ్లంటే అంత ఎకసక్కమా? కోతుల మాదిరి ఉరికిస్తివే!"

"నేను ఉరికించలేదు సారూ. ఆ కాలంలో కెమెరా చేత్తో తిప్పి నిదానంగా తీసినారు. మా మోటారుది అంతకన్నా ఎక్కువ వేగం, అదీ ఒకటే వేగం. ఏ మూగబొమ్మ ఏసినా ఇట్లే ఉరుకుతాది."

"అట్లనా? మరి దీని ఎనక ఆడిన సినిమాలో రాజు నిమ్మళంగా నడిచినాడే! రాజుకొక మర్యాద, పోలీసుకొక మర్యాదనా?"

"అది మాటల సినిమా సారూ. దాన్ని ఈ వేగానికే తీసినారు."

"అంటే మాటలొస్తే మర్యాద, రాకుంటే ఎగతాళి! తియ్యి నీ లైసెన్సు."

తీసుకుపోయినాడు, పైకి రిపోర్టు రాసినాడు. లైసెన్సు లేనివాడు మిషన్ ముట్టకూడదు. టాకీస్ యజమాని, మా ముదలాళి, నన్ను ఆదోని గోడలకు పోస్టర్లు అంటించడానికి పంపినాడు. "ఏమన్నా, మిషన్ ఇడిసి మైదా బంక పట్టినావే!" అని బజారులో ప్రతివాడూ అడిగేవాడే. పైగా నా చోటికి ఇంకొకణ్ణి వెతుకుతున్నారని తెలిసింది. ఇంక ఊరుకోలేదు. కెమెరా వేగం ఎంత, మోటారు వేగం ఎంత, పోలీసైనా పెళ్లికూతురైనా ఎందుకు ఉరుకుతారు, బొమ్మలు గీసి మరీ పై ఆఫీసుకు మూడు అర్జీలు పెట్టినాను.

నాకు తెలిసినది ఎదుటివాడికీ తెలిసే ఉంటుందనుకోవడం ఈ పనిలో పెద్ద పొరపాటని అప్పుడు తెలిసింది. మళ్లీ మిషన్ ముట్టినాక ఏ మూగబొమ్మ వేసినా, ముందు మైకులో దాని వేగం సంగతి చెప్పి గాని దీపం వెలిగించలేదు.

ఏడో నెలలో పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. అక్షరం మార్చకుండా రాస్తున్నాను:

"తమ అర్జీలు మూడును అందినవి. సాంతముగా చదివి విచారించితిమి. తమ లైసెన్సు ఇందువెంట తిరిగి పంపడమైనది. ఇకమీదట మూగ సినిమాలలో పోలీసులు వచ్చు భాగమును మాత్రము నిదానముగాను, తక్కిన భాగమును యథాప్రకారముగాను ఆడించవలెను."