షాహీనా తేల్చిన జబ్బు

కోట ఊళ్లో చేపల జబ్బులు పరీక్షించే షాహీనా, జన్యుపరీక్ష మిషను నడుస్తున్నంతసేపూ కూర్చోదు. చున్నీ కొసను వేలికి చుడుతూ విప్పుతూ దాని ముందే నిలబడుతుంది. ఆ రోజు పక్కనే హజరత్తయ్య. ఆయన చెరువులో పండుగప్ప చేపలు కళ్లుబ్బి, గిరగిరా తిరిగి చస్తున్నాయి.

"పోయినేడొచ్చిన స్ట్రెప్టోకాకస్ క్రిమే గదమ్మా? ఊ అను, పిల్లచేపలకి ఆ టీకానే పొడిపిస్తా."

"కంటికి అట్నే ఉందన్నా. దాని తోడబుట్టింది ఇంకోటుంది, దానికి ఈ టీకా పనిచెయ్యదు. జన్యుపరీక్షే తేల్చాల."

"నీదంతా చాదస్తం."

తెరమీద రెండో రకం గీత పైకి లేచింది. "ఆ తోడబుట్టిందేనన్నా" అంది షాహీనా.

హజరత్తయ్య మొహం పాలిపోయింది. పొద్దున్నే టీకాలు మొదలుపెట్టించి వచ్చాడు మరి. చెరువుకు ఫోను చేశాడు.

"సగం పిల్లలకి పొడిచేసినాం గదన్నా" అన్నారు అవతల.

షాహీనా ఫోను లాక్కుంది. "మిగతా సగాన్ని ముట్టుకోబాకండి."