నాము తిన్న ఆవు

డాక్టర్ వనజాక్షికి కోపమొస్తే పశువైద్య కళాశాలలో అటెండర్లు కూడా ఆమె గది ముందు వరండాలోకి రారు. గుమ్మఘట్టలో గొర్రెల కాపరి కూతురిగా పుట్టి, ఇరవై రెండేళ్లుగా పశువుల డాక్టర్లను తయారుచేస్తున్న మనిషి. తన దగ్గర పాసైనవాళ్లు ఎక్కడికెళ్లినా నెగ్గుకొస్తారని ఆమెకు గర్వం.

ఆ సోమవారం ఆమె బల్ల మీద ఈశ్వరి తాను చూసిన కేసులన్నీ రాసిన శిక్షణ పుస్తకం ఉంది. క్లాసులో మొదటి పిల్ల. బెంగళూరు డెయిరీలో ఉద్యోగం ఖాయమైంది. వనజాక్షి సంతకం ఒక్కటే తక్కువ.

వనజాక్షి పెన్ను ముట్టలేదు. రెండు రోజుల కిందట బుక్కరాయసముద్రం పక్క పల్లెలో, విద్యార్థుల వైద్య శిబిరంలో, సుంకమ్మ అనే రైతు పాడావు ఈశ్వరి కళ్లముందే చచ్చిపోయింది.

"సుంకమ్మ నీకేం చెప్పింది?" ఎదురుగా నిలబడ్డ ఈశ్వరిని అడిగింది.

"ఎండిన జొన్నపైరు మేసింది, నాము తగిలిండాది అనింది మేడం."

వానల్లేక గిడసబారిన జొన్న విషమవుతుంది. అదే నాము. పశువును మేపే ప్రతివాళ్లకూ తెలుసు. విరుగుడు సూదిమందు శిబిరం బండిలోనే ఉంది.

"మరి సూది ఎందుకు వెయ్యలేదు?"

"కడుపుబ్బరం అనుకున్యా. రక్తం పరీక్షకు పంపి..."

"పరీక్ష! అది వచ్చేదాకా ఆవు ఆగుతుందా? ఆ యమ్మ నోరు నొప్పి పుట్టేట్టు చెప్తాంటే నీ చెవులు యాడికి పోయినాయి?" పుస్తకం నేలకేసి కొట్టింది.

ఈశ్వరి ఏడుస్తూనే తలెత్తింది. "మీరే కదా మేడం చెప్పినారు! పల్లెటూరోళ్లు ప్రతిదానికీ నాము అంటారు, దిష్టి అంటారు, వాళ్ల మాట చెవిన పెట్టొద్దని. మొదటి క్లాసులోనే చెప్పినారు."

చెప్పింది. ప్రతి ఏడాదీ చెప్పింది. పిల్లలు పగలబడి నవ్వేవాళ్లు, ఆ నవ్వు ఆమెకు ఇష్టం. గొర్రె ఊపిరి చూసి నాము అని పట్టేసే తన నాయనను కూడా ఆ నవ్వులో కలిపేసిందని ఇన్నేళ్లకు తట్టింది. తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

"జీపెక్కు," అన్నది పుస్తకం ఏరుకుని.

పల్లెలో తన ఇంటి ముందు దిగిన వాళ్లను సుంకమ్మ కూర్చోమనలేదు. గుంజకు ఆవును కట్టిన పలుపు ఇంకా వేలాడుతోంది.

"ఈ పాపకు సదువు చెప్పినోళ్లు ఎవురమ్మా?"

"నేనే."

సుంకమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "అట్లయితే ఈ పాపనెందుకు నిలబెట్టినావు ఈడ? నువ్వు నిలబడు."

వనజాక్షి నిలబడింది. సుంకమ్మ తిట్టినంతసేపూ నిలబడింది.

తిరిగొచ్చేటప్పుడు జీపులో పుస్తకం తెరిచి, ఈశ్వరి రాసిన 'కడుపుబ్బరం' కొట్టేసింది. 'నాము. ఆవుగల మనిషి చెప్పింది, వినలేదు. వినొద్దని నేర్పింది నేను' అని రాసి, దాని కింద సంతకం పెట్టింది.