సలీం చాచా అతికిన గాజు గొట్టం

“సోమవారం బ్యాంకులో చేరాలి కదా, ఆ భయంతో ఏడుస్తోంది” అని అమ్మ ఫోన్‌లో పిన్నికి చెబుతోంది.

కాదమ్మా.

నిన్న పొద్దున సలీం చాచా పోయారు. ఆయన కొడుకు ఫోన్ చేస్తే “ఏ సలీం?” అన్నాను. నాకు తెలిసిన సలీం ఒక్కరే.

“నియాన్ బోర్డులు చేసే ఆయన మనకేమవుతాడే?” అంది అమ్మ.

చెప్తాను.

నా పీహెచ్‌డీ మొదట్లో, గాలంతా తీసేసిన గాజు గొట్టంలో అణువులని లేజర్‌తో చల్లబరచాలి. గొట్టం ఎక్కడో లీక్. మూడు వారాలు వెతికాం. చివరికి దాన్ని చున్నీలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని, ఆటోలో చార్మినార్ వెనక గల్లీలో చాచా నియాన్ దుకాణానికి తీసుకెళ్లాను.

చాచా దాన్ని తన పంపుకి తగిలించి, కరెంటు రవ్వని గాజు మీద మెల్లగా నడిపించారు. ఒక్కచోట రవ్వ సర్రున లోపలికి దూకింది.

“దొరికిండు దొంగ!”

మంటతో అతికేశారు. నేను వెంటనే చెయ్యి చాపాను.

“హాత్ మత్ లగా బేటీ! వేడి గాజు, చల్ల గాజు సూడనీకి ఒక్క తీర్గనే ఉంటయ్.”

అది చల్లారేలోపు రెండు చాయ్‌లు.

“గింతకీ దీంట్ల ఏం జేస్తవ్?”

చెప్పాను. అణువులని దాదాపు నిలబెట్టేసి, పాటకి తాళం వేసినట్టు వెలుగుతో దెబ్బ మీద దెబ్బ వేస్తాం. మామూలు వస్తువైతే గందరగోళంగా తిరుగుతూ అంతకంతకూ ఊపందుకుంటుంది. అదే కేయాస్. చల్లటి అణువులు మాత్రం కొన్ని దెబ్బల తర్వాత ఊపు తీసుకోవడం మానేస్తాయి. దెబ్బలు పడుతూనే ఉంటాయి.

చాచా పగలబడి నవ్వారు.

“అరె, నేను గట్లనే గదా! షాదీ అయిన కొత్తల మీ చాచీ ఒక్క మాటంటే బజారంత ఉరికెటోణ్ణి. ఇప్పుడు దినాం అంటది. కూసున్న కాడ్నే కూసుంట.”

“నాకన్నీ వినవడ్తున్నయ్!” పరదా వెనక నుంచి చాచీ.

పోయిన నెల, ఆ గొట్టంతోనే, మా గ్రాఫ్ వచ్చింది. అణువుల ఊపు చూపించే గీత పైకి లేచి, వంగి, సాపుగా పడుకుంది. ప్రింటవుట్ ఇస్తే చాచా గోడకి అంటించుకున్నారు, గాజు అక్షరాల పక్కన.

నిన్న చూశాను. ఇంకా అక్కడే ఉంది.

బ్యాంకు ఉద్యోగం గురించి ఇంట్లో ఏడాదిగా రోజూ చెబుతున్నారు. మొదట్లో ప్రతి మాటకీ ఊగిపోయాను. పరీక్ష కూడా రాశాను, ఉద్యోగమూ వచ్చింది. మాటలు ఇంకా పడుతూనే ఉన్నాయి.

చాచా, మీ మంట ఆర్పేసి హాయిగా పడుకోండి. అక్కడ అంతా చల్లగా ఉండాలి మీకు.

నేను బ్యాంకులో చేరట్లేదు. సోమవారం ల్యాబ్‌కి వెళ్తున్నాను.