సాయిబు గారు కొలిచిన చర్చి

ఆ రోజు పొద్దున్నే మబ్బు పట్టింది. కల్లంలో ఆరబోసిన మిరపకాయల్ని కుప్పకి లాగి పట్టాలు కప్పుతున్నాం. అప్పుడే పొన్నూరు నుంచి ఫోను వచ్చింది. కొలతల సాయిబు గారు తెల్లవారుజామున పోయారని వాళ్ల అబ్బాయి చెప్పాడు. మధ్యాహ్నం నమాజు కాగానే ఖననమట. ఇక్కడ చినుకులు మొదలయ్యాయి. కాయలు వదిలి కదల్లేకపోయాను. నేను పొన్నూరు చేరేసరికి అంతా అయిపోయింది.

పాత కట్టడాలను కొలిచి బొమ్మలు గీయడం ఆయన ఉద్యోగం. గుడి, మసీదు, సత్రం, ఏదైనా సరే, పడిపోయేలోపు కాగితం మీదికి ఎక్కించాలి. రిటైరయ్యాక కూడా మానలేదు. ఎవరూ పంపకుండానే మా ఊరి పాత చర్చి కొలవడానికి వచ్చారు. సున్నంతో కట్టిన చర్చి అది. సంఘ పెద్దల్లో నేను చిన్నవాణ్ణి కాబట్టి టేపు రెండో కొస నా చేతికిచ్చారు.

నాలుగు వైపులా కొలిచి ఊరుకునేవారు కాదు. మూల నుంచి మూలకి కూడా టేపు లాగించేవారు. పాత గది ఎంత చదరంగా కనిపించినా ఏదో ఒక మూల జరిగే ఉంటుందట. ఒకచోట గోడ బయటికి వంగి ఉంది. బొమ్మలో తిన్నగా గీస్తే అందంగా ఉంటుంది కదా అన్నాను.

"వంగిన గోడని వంగినట్టే గీయాలి. మనం సరిచేస్తే రేపు చూసేవాడికి అబద్ధం చెప్పినట్టు," అన్నారు.

ఊళ్లోవాళ్లు చుట్టూ చేరేవాళ్లు. "ఏంది సాయిబు గారూ, మా చర్చి కొలిచి మీ మసీదులో కలుపుకుంటారా?" అని ఒకాయన వేళాకోళమాడాడు.

"కొలిచిందల్లా నాదయ్యేటట్టైతే ఈపాటికి రెండు జిల్లాలు నాయే కదయ్యా," అన్నారాయన, పెన్సిలు ఆపకుండానే.

మూడో రోజు గోడ అడుగున వేలి కణుపుతో కొట్టారు. డొల్లగా మోగింది.

"ఈ సిమెంటు ఎవరు వేయించారు?"

"మేమేనండి. పత్తి బాగా పండిన ఏడు, క్రిస్మస్‌కి చర్చి కొత్తగా ఉండాలని ఇంటికో బస్తా తెచ్చాం."

ఆయన ఒక పెచ్చు ఊడదీశారు. లోపల ఇటుక పిండిలా రాలింది. నేల చెమ్మ సున్నంలోంచి బయటికి పోయేదని, సిమెంటు వేసేసరికి లోపలే నిలిచి ఇటుకని తినేసిందని చెప్పారు. ఆ బస్తాల్లో ఒకటి నేను మోసుకెళ్లిందే. మీ ఊళ్లో సున్నపు గోడ ఉంటే దాని మీద సిమెంటు వేయకండి. ఈ మాట రాయమని ఆయన చెప్పలేదు. నేనే రాస్తున్నాను.

సిమెంటంతా ఒలిచి, రెండు వేసవులు గోడని ఆరనిచ్చి, మళ్లీ గానుగలో రుబ్బిన సున్నం పూస్తే చర్చి నిలుస్తుందని సంఘ సమావేశంలో చెప్పారు. ఆ పని తెలిసిన మేస్త్రీ మా చుట్టుపక్కల లేడు. చీరాల అవతల ఒకాయన ఉన్నాడంటే సాయిబు గారే వెళ్లి చూసి వచ్చారు. ఆ మేస్త్రీ మంచం పట్టి ఉన్నాడు. ఈలోపు గోడ ఇంకొంచెం రాలింది. ఆదివారం బడి పిల్లలు కూర్చునేది ఆ గోడ పక్కనే. మళ్లీ సంఘం కూడినప్పుడు, కూల్చాలనేవాళ్లు చేతులెత్తమన్నారు పాస్టరు గారు. నేనూ ఎత్తాను.

బయటికి వచ్చాక, "మీరు చెప్పింది తప్పని కాదండి," అన్నాను సాయిబు గారితో.

"తెలుసయ్యా. నా మనవరాలు ఆ గోడ పక్కన కూర్చునేదైతే నేనూ ఎత్తేవాణ్ణి."

కూల్చే రోజున పిలవకుండానే వచ్చారు. ఆయన్ని చూడటం అదే ఆఖరు. గోడ లోపల ఎలా కట్టారో పడేటప్పుడే తెలుస్తుందని, కొంచెం కొంచెంగా కూల్చి ఆగమని జేసీబీ డ్రైవరుని బతిమాలారు. రెండుసార్లు ఆగాడు. మూడోసారి ఆగలేదు. దుమ్ము తగ్గాక సాయిబు గారు కుప్ప దగ్గర కూర్చుని, విరగని ఇటుక ఒకటి ఏరి, చేత్తో తుడిచి, పొడవూ వెడల్పూ రాసుకున్నారు.

"ఇది ఏ గోడది?" అని నన్నడిగారు.

"తెలీదండి."

తెలియదు అనే రాసుకున్నారు.

పదకొండింటికి పాస్టరు గారు ఇంటికి వెళ్లారు. పన్నెండున్నరకి జేసీబీ వెళ్లిపోయింది. సాయిబు గారు ఆ కుప్ప దగ్గరే ఉండి నాలుగు గంటల బస్సుకి వెళ్లారు.