తూములో పునుగుపిల్లి

సాలూరులో బస్సెక్కాక ఎంత బతిమాలినా పక్కనున్నావిడ నాకు కిటికీ సీటు ఇవ్వలేదు. బొబ్బిలి దారిలో ఒక కల్వర్టు దగ్గర బస్సు ఆగింది. రోడ్డుకడ్డంగా కర్రలతో జనం. తూములో చిరుతపిల్ల దూరిందట. అవతలి వైపు రాళ్లతో మూసేశారట.

ఆవిడ చరచరా దిగి తూములోకి వంగి చూసింది. ఆవిడ వెనకే నేనూ దిగాను.

"సిరతేటి! మూతి సూడండి, ముంగిసలాగ సన్నంగున్నాది. ఈపు మీద నల్ల సారలు, తోకకి కట్లు. ఇది పునుగుపిల్లిరా! పగలు తూముల్లో తొంగుంటాది, సీకటడితే మీ సేలో ఎలకల్ని తింటాది. దీన్నా సంపుతారు?"

తూముకి అడ్డంగా కూర్చుంది. "కర్రలు పడీండి. అప్పుడే లెగుస్తాను."

ఆవిడ చూపు నా మీద ఆగింది. ఎవరో అందించిన కర్ర నా చేతిలోనూ ఉంది. మొదట కిందపడింది అదే. తర్వాత ఒక్కొక్కటే మిగతావి.

ఆవిడ పక్కకి జరిగింది. కాసేపటికి బూడిదరంగు పునుగుపిల్లి బయటికొచ్చి, చారల తోక చాపి, అందరి ముందునుంచే జీడితోటలోకి దూసుకుపోయింది. ఒకటే ఈలలు, చప్పట్లు! కర్రలు పడేసినవాళ్లే అందరికన్నా గట్టిగా కొట్టారు.

బస్సెక్కాక ఆవిడ చీరకంటిన మట్టి దులుపుకుని, కిటికీ సీటు నాకు వదిలి ఇవతలికి జరిగింది.

అంతకు మించిన పతకం నాకింతవరకూ రాలేదు.